ఆఖరి ఆకు మడిచాకే

పిల్లలూ, పెద్దలూ, ఒక మాట ముందే చెప్పేస్తున్నాను. కథ చెప్పడంలో నన్ను మించినవాడు పద్నాలుగు లోకాల్లోనూ లేడు. నేను నోరు తెరిస్తే పారే ఏరు ఆగి వింటుంది. పొయ్యి మీది పాలు పొంగడం మరిచిపోయి వింటాయి. ఈ మాట నేనన్నది కాదు, మా నాయనమ్మ అన్నది. నా కథలన్నీ విని, తలాడించి, "నీలాగా ఎవరూ చెప్పలేరురా నాయనా" అని బుగ్గలు పుణికి మరీ అన్నది.

ఆవిడకి రెండు చెవులూ వినపడవనుకోండి. అయితేనేం, మెచ్చుకోలు మెచ్చుకోలే!

సరే, చెవులున్నవాళ్ళు వినండి. అనగనగా, మీ ముత్తాతకి ముత్తాతకి ఇంకా మీసం మొలవని కాలంలో, కదళీపురం అని ఒక రాజ్యం ఉండేది. ఎటు చూసినా అరటితోటలే. ఆ రాజ్యంలో జనం అన్నం అరిటాకులో తినేవారు. వానొస్తే అరిటాకు నెత్తిన పెట్టుకునేవారు. అక్కడి మేకలకి అరిటాకు తప్ప వేరే తిండి ఉంటుందనే సంగతే తెలియదు.

ఆ రాజ్యంలో పేరిందేవమ్మ అని ఒక ముసలమ్మ. ఒకప్పుడు ఊరూవాడా ఆవిడని పెళ్ళివంటల పేరిందేవమ్మ అనేవారు. గాడిపొయ్యి మీద గుండిగ ఎక్కించి, గరిటె పట్టుకుని నిలబడిందంటే, పిలిచినవాళ్ళు అయిదువందలై వచ్చినవాళ్ళు వెయ్యి అయినా పప్పు తక్కువ పడేది కాదు. ఆవిడకి ఒక నియమం.

"గరిటె పట్టినవాళ్ళు ఆఖర్న తినాలి. ఆఖరి బంతిలో ఆఖరి ఆకు మడిచాకే నా ఆకు వెయ్యండి" అనేది.

నలభై ఏళ్ళు ఆ నియమం ఒక్కపూట కూడా తప్పలేదు.

ఇప్పుడావిడకి ఎనభై దాటాయి. మోకాళ్ళు బాగానే ఉన్నాయి. నోరు ఇంకా బాగుంది. మతి మాత్రం చిల్లుపడ్డ చేద అయింది. నూతిలోంచి పైకి లాగేలోగా సగం కారిపోయేది. కొడుకు ఉప్పుబండ్లు తోలేవాడు. పదిహేను రోజులు దేశం మీద ఉంటే రెండు రోజులు ఇంట్లో ఉండేవాడు. ఆ రెండు రోజులూ అమ్మని పువ్వుల్లో పెట్టి చూసుకునేవాడు. మరి మిగతా పదిహేను రోజులో?

కోడలు మాణిక్యం.

పొద్దున్న కళ్ళు తెరుస్తూనే పేరిందేవమ్మ, "ఎవరమ్మాయివే నువ్వు?" అనేది.

"మీ కోడల్ని అత్తమ్మా" అనేది మొదట్లో మాణిక్యం.

"కోడలా! మా వాడికి పెళ్ళే కాలేదు. నన్నే మాయ చేద్దామనుకున్నావా?" అని ముసలమ్మ చీపురు అందుకునేది. చీపురు ఎక్కడుందో మాత్రం ఆవిడ ఎన్నడూ మరిచిపోలేదు.

మూడు చీపుళ్ళు అరిగాక మాణిక్యం తెలివి తెచ్చుకుంది. "వంటకి సాయం వచ్చినదాన్ని పెద్దమ్మా" అనడం మొదలుపెట్టింది.

"అలా చెప్పు మరి! వంకాయలు తరిగావా?"

"తరిగాను పెద్దమ్మా."

"ఉప్పునీళ్ళలో వేశావా?"

"వేశాను పెద్దమ్మా."

"ఎవరమ్మాయివే నువ్వు?"

ఇలా రోజుకి నూటపదహార్లు. పోట్లాట అయితే తప్పింది. "అత్తమ్మా" అనే పిలుపు మాత్రం ఆ ఇంట్లోంచి లేచిపోయి మూడేళ్ళయింది.

ఆడపడుచు భ్రమరాంబ పక్కవీధిలోనే ఉండేది. వారానికోసారి వచ్చి, గడియసేపు కూర్చుని, సరిగ్గా మూడు సలహాలు ఇచ్చేది. "వదినా, అమ్మ చిక్కింది, నెయ్యి వెయ్యి. వదినా, అమ్మకి తలంటు. వదినా, అమ్మతో కాస్త ఓపిగ్గా ఉండు." ఇచ్చిన సలహాలకి దక్షిణగా వంటింట్లో మాణిక్యం తనకని దాచుకున్న రెండు గారెలూ తినేసి వెళ్ళేది.

ఓపిక మాటకేం గానీ, అత్తగారికి తలంటే మాణిక్యానికి తన తల అంటుకునే తీరిక ఉండేది కాదు. నీళ్ళు కాచుకునేసరికి ముసలమ్మ వీధిగుమ్మం దాటేది. నూనె రాసుకునేసరికి పొయ్యిలో చెయ్యి పెట్టబోయేది. నెలల తరబడి నీళ్ళు తగలని ఆ జుట్టు చూసి, ఒక పిచ్చుక పుల్ల నోట కరుచుకుని గూటికి స్థలం బాగుందా అని రెండు చుట్లు తిరిగి వెళ్ళిందట. నేను చూడలేదు, పిచ్చుకే చెప్పింది.

ఇలా ఉండగా ఒకనాడు పేరిందేవమ్మ అన్నం మానేసింది.

మాణిక్యం మొదట బెల్లం కలిపి పెట్టింది. ముసలమ్మ మూతి తిప్పుకుంది. తర్వాత బతిమాలింది. ముసలమ్మ గోడవైపు తిరిగింది. ఆ తర్వాత, విసుగొచ్చి, గడ్డం పట్టుకుని నోట్లో కుక్కబోయింది. ముసలమ్మ ఆ ముద్దని మాణిక్యం మొహానే ఉమ్మింది. ఆ మెతుకులు తుడుచుకుంటూ మాణిక్యం ఏడ్చింది. ఏడుస్తూనే ఒక సంగతి చూసింది.

ముసలమ్మ చూపు అన్నం మీద లేదు. వసారాలో ఉత్త నేల మీద ఉంది. ఎవరో అక్కడ వరసగా కూర్చున్నట్టు అటే చూస్తూ, "ఇంకా బంతి లేవలేదే" అని గొణుగుతోంది.

మాణిక్యం కళ్ళు తుడుచుకుంది. పెరట్లోకి వెళ్ళి మూడు అరిటాకులు కోసింది. వసారాలో వరసగా వేసింది. పిడికెడు పిడికెడు అన్నం వడ్డించింది. కాసేపాగి ఒక్కో ఆకూ మడిచింది.

"పెద్దమ్మా, ఆఖరి ఆకు మడిచేశారు. బంతి లేచింది."

"తిన్నవాళ్ళేరే?"

"చేతులు కడుక్కోవడానికి వెళ్ళారు."

"మజ్జిగ అందరికీ అందిందా?"

"రెండోసారి కూడా పోశాను."

"అయితే నా ఆకు వెయ్యి" అంది పేరిందేవమ్మ. వేసిన అన్నమంతా తిని, ఆకు మడిచి, బ్రేవుమని తేన్చింది.

ఆనాటి నుంచి రెండుపూటలా అదే పద్ధతి. ముందు లేని చుట్టాలకి వడ్డన, తర్వాత ఉన్న అత్తగారికి. మడిచిన ఆకులు మేకకి. ఆ వీధిలో అందరికంటే సుఖంగా బతికింది ఆ మేకే.

ఇక్కడికి ఇది ఇలా ఉంచి, రాజుగారి దగ్గరికి వెళదాం.

కదళీపురం రాజు పేరు ఉదారసేనుడు. మనసు వెన్న. వెన్నతో చిక్కేమిటంటే, అది కరగడానికి ఆలోచించదు. ఒకరోజు అంగడివీధిలో ఆకలితో ఏడుస్తున్న ఒక తాతని చూసి రాజు అక్కడికక్కడే కరిగి, అక్కడికక్కడే ఆజ్ఞ వేశాడు.

"నా రాజ్యంలో ముసలివాళ్ళెవరూ పస్తుండకూడదు! ఎవరింట్లో పస్తు పెడితే వాళ్ళింటి నుంచి తీసుకొచ్చి రాజసత్రంలో పెట్టండి. పదహారు రకాలతో, వెండికంచంలో అన్నం పెట్టండి!"

మంచి ఆజ్ఞే. దాన్ని అమలుచేసే పని ఒక అధికారికి అప్పగించారు. ఆయన పేరు సూక్ష్మదర్శి. ఆ పేరు ఎవరు పెట్టారో గానీ, పెట్టినవాళ్ళకి హాస్యం తెలుసు. ఎడమచేతిలో తాటాకు, కుడిచేతిలో గంటం. చూసింది రాసేవాడు. రాసింది మళ్ళీ చూసేవాడు కాదు.

ఆయన మొదటిసారి పేరిందేవమ్మ ఇంటికి వచ్చేసరికి ఆవిడ అప్పుడే భోంచేసి అరుగు మీద కూర్చుంది.

"అవ్వా, అన్నం తిన్నావా?"

"అన్నమా నాయనా! నాకు అన్నం పెట్టి మూడు రోజులైంది" అంది పేరిందేవమ్మ. గడ్డానికి మెతుకు ఇంకా అంటుకునే ఉంది. మీసాల్లేవు గనక సరిపోయింది, ఉంటే పప్పు కూడా కనపడేది.

సూక్ష్మదర్శి మెతుకు చూడలేదు. "మూడు రోజులు పస్తు" అని రాసుకున్నాడు.

రెండోసారి వచ్చేసరికి వసారాలో మూడు ఆకుల్లో అన్నం పొగలు కక్కుతోంది. ఆకుల ముందు మనుషుల్లేరు. ముసలమ్మ దూరంగా గోడకి ఆనుకుని, ఖాళీ చేతులతో కూర్చుంది.

"ఇదేమిటమ్మా ఇది?" అన్నాడాయన.

"బంతి లేచాక ఆవిడ తింటుందండీ. ఒక్క రెండు నిమిషాలు కూర్చుంటే మీకే..."

ఆయన కూర్చోలేదు. "మనుషుల్లేని చోట వడ్డన, మనిషి ఉన్న చోట పస్తు" అని నిలబడే రాసుకున్నాడు.

మూడోసారి వచ్చిన రోజు మిట్టమధ్యాహ్నం. అంతకుముందు వరసగా మూడు రాత్రులు పేరిందేవమ్మ కన్ను ముయ్యలేదు. పెళ్ళివారు దిగేస్తారని పెరడంతా తిరిగింది, వెనకాలే మాణిక్యం తిరిగింది. అందుకే ఆ మధ్యాహ్నం మాణిక్యం గుమ్మానికి ఆనుకుని ఒక్క రెప్ప వాల్చింది. ఆ ఒక్క రెప్పలోనే ముసలమ్మ గరిటె పట్టుకుని నడివీధిలోకి వెళ్ళి, దారినపోయే బండి ఆపి, "ఇంకా ఎన్ని బంతులున్నాయి నాయనా?" అని అడుగుతోంది.

"కోడలికి నిద్ర, అత్తకి వీధి" అని రాసి, సూక్ష్మదర్శి పల్లకీ పిలిపించాడు.

మాణిక్యం ఉలిక్కిపడి లేచి పరుగెత్తుకొచ్చింది. "అయ్యా, ఆవిడ అక్కడ తినదు! నేను చెప్పేది వినండి. ఆకు మడవందే..."

"అమ్మాయ్, రాయడం నా పని. రాశాక వినడం నా పని కాదు" అన్నాడాయన. ఇంత సూక్ష్మంగా చెప్పిన మాట ఆయన జీవితంలో ఇంకొకటి లేదు.

పల్లకీ కదిలింది. పల్లకీలోంచి పేరిందేవమ్మ, "ఏ ఊరి పెళ్ళే పిల్లా? సామాన్లన్నీ ఎక్కించావా?" అని అడిగింది. మాణిక్యం వీధి మలుపు దాకా పల్లకీ వెంట పరుగెత్తింది.

కబురు తెలిసి భ్రమరాంబ వచ్చింది. "పోనీలే వదినా! వెండికంచంలో పదహారు రకాలట. అమ్మకి భోగం, నీకు విశ్రాంతి. ఇప్పుడైనా హాయిగా తలంటుకో" అంది. ఇది నాలుగో సలహా, లెక్క తప్పింది.

మాణిక్యం నిజంగానే నూనెగిన్నె ముందు పెట్టుకుని కూర్చుంది. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. వంకాయలు తరిగావా అని అడిగేవాళ్ళు లేరు. ఎన్నాళ్ళనించో కోరుకున్న తీరిక అలా ఎదురుగా వచ్చి కూర్చుంటే, గిన్నెలోకి చెయ్యి వెళ్ళలేదు.

"ఆవిడ తినదు వదినా. ఎందుకు తినదో ఈ లోకంలో నాకొక్కదానికే తెలుసు. అదే నా భయం" అంది. నూనెగిన్నె గూట్లో పెట్టేసి, జుట్టు ముడేసి, నడుం బిగించి లేచింది. "ఎవరికీ చెప్పనిది నా తప్పు. ఇప్పుడు చెబుతాను. వినేదాకా చెబుతాను."

సత్రం గుమ్మం దగ్గర కావలిభటుడు బల్లెం అడ్డం పెట్టాడు. గోడ మీద పలక చూపించాడు. అందులో సూక్ష్మదర్శి రాయించిన జాబితా ఉంది.

"కొడుకులకి, కోడళ్ళకి ప్రవేశం లేదు. చదువుకో."

మాణిక్యం ఆ పూట గుమ్మం ముందే కూర్చుని, చీకటి పడబోతుంటే వెనక్కి వెళ్ళింది.

రెండోరోజు అత్తగారి గరిటె తెచ్చింది. "నన్ను వద్దంటే మానె. ఈ గరిటైనా ఆవిడ చేతికివ్వు బాబూ."

భటుడు పలక చూశాడు. "గరిటెలు, గిన్నెలు, కంచాలు, చెంబులు లోపలికి తేరాదు. ఇదిగో, నాలుగో వరస."

ఇప్పుడు లోపల ఏం జరుగుతోందో చూడండి.

మొదటిరోజు సత్రం పెద్దవంటవాడు పదహారు రకాలు వండి, వెండికంచంలో సర్ది తెచ్చాడు. పేరిందేవమ్మ కంచం మీదికి వంగి వాసన చూసింది. "పులుసులో ఇంగువ నీ చేతివాటమా, నీ పగవాడి చేతివాటమా?" అంది. తినలేదు.

రెండోరోజు రాజవైద్యుడు ఆకలి పుట్టే లేహ్యం తెచ్చాడు. "వైద్యుడుగారూ, మొదటి బంతికి వడ్డన అయిందా?" అంది. లేహ్యం ఆయన నోట్లోనే పెట్టింది. ఆయనకి మాత్రం బాగా ఆకలేసింది.

మూడోరోజు కబురు విని ఉదారసేన మహారాజే స్వయంగా వచ్చాడు. కిరీటం, హారాలు, పట్టుబట్టలు. ముసలమ్మ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, "అమ్మా, నా కోసం ఒక్క ముద్ద" అన్నాడు.

పేరిందేవమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. "పెళ్ళికొడుకువి, వంటల దగ్గరికి వచ్చావేమిట్రా! ముహూర్తం దాటిపోతోంది. వెళ్ళి పీటల మీద కూర్చో, ఫో!"

రాజు నవ్వబోయి ఆగాడు. ఆవిడ పెదవులు ఎండిపోయి ఉన్నాయి. గొంతు నూతిలోంచి వస్తున్నట్టుంది. చెయ్యి పట్టుకుంటే ఎండుపుల్లలా ఉంది.

"ఈ రోజు గడిస్తే కష్టం మహారాజా" అన్నాడు వైద్యుడు మెల్లిగా.

సరిగ్గా ఆ సమయానికే మాణిక్యం మూడోసారి గుమ్మం దగ్గరికి వచ్చింది. ఈసారి నెత్తి మీద పచ్చటి అరిటాకుల మోపు ఉంది.

"మళ్ళీ వచ్చావా! ఆకులకీ ప్రవేశం లేదు" అన్నాడు భటుడు.

"పలకలో ఎక్కడ రాశారో చూపించు."

భటుడు పైనుంచి కిందికి చదివాడు. కిందినుంచి పైకి చదివాడు. బల్లెంతో తల గోక్కున్నాడు. "ఆకుల మాట రాయలేదు..."

"రాయలేదు గనక ఆకులు లోపలికి వెళ్ళొచ్చు. అవునా?"

"అవును."

"వాటికి కాళ్ళు లేవు. నావి అరువిస్తున్నాను. పక్కకి జరుగు బాబూ!"

భటుడు తేరుకునేలోగా ఆకులు లోపలికి వెళ్ళిపోయాయి. వాటి కింద మాణిక్యం కూడా.

లోపల రాజుని చూసి ఆమె కాళ్ళ మీద పడలేదు, ఏడవలేదు. మోపు దించి సూటిగా అడిగింది.

"మహారాజా, తమరు భోంచేశారా?"

రాజు తెల్లబోయాడు. "ఈ అమ్మ తినకుండా నాకు ముద్ద దిగుతుందా?"

"అక్కడే చిక్కు వచ్చింది. మీరు తినందే ఆవిడ తినదు. నలభై ఏళ్ళు పెళ్ళివంటలు చేసిన చెయ్యండీ అది. బంతిలో ఆఖరి ఆకు మడిచాకే ఆవిడ ఆకు వెయ్యాలి. మీరు వెండికంచం పెట్టారు. వెండికంచాన్ని ఎవరు మడవగలరు? బంతి లేచినట్టు ఆవిడకి ఎలా తెలుస్తుంది?"

రాజు వెనకే నిలబడి రాసుకుంటున్న సూక్ష్మదర్శి చేతిలో గంటం ఆగిపోయింది. మనుషుల్లేని ఆ మూడు ఆకులు ఇప్పుడు ఆయన కళ్ళకి కనపడ్డాయి. చూసిన రెండు నెలలకి.

మాణిక్యం నేల మీద వరసగా ఆకులు పరిచింది. "అందరూ కూర్చోండి. మహారాజా, మీరు మొదట. వైద్యుడుగారూ, వంటాయనా, రండి. రాసే అయ్యగారూ, మీరు కూడా."

రాజు కిరీటం తీసి పక్కన పెట్టి, చక్కగా బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

ఆకులు చూడగానే పేరిందేవమ్మ కళ్ళలోకి వెలుగు వచ్చింది. మాణిక్యం ఆవిడ చంక కింద చెయ్యివేసి లేపి, చేతిలో సత్రం గరిటె ఒకటి పెట్టింది. గరిటె అందిందో లేదో, ఎండుపుల్ల లాంటి ఆ చెయ్యి నిటారుగా లేచింది.

"పిల్లా, ఆ మూల గడ్డమాయనకి పప్పు వెయ్యి! ఈ పెళ్ళికొడుక్కి నెయ్యి తగ్గిందే, ఏమిటా పిసినారితనం! ఏమయ్యా, నువ్వేమిటి, బంతిలో కూర్చుని రాతలు? అన్నంలో చెయ్యి పెట్టు!"

సూక్ష్మదర్శి తాటాకు కింద పెట్టి గబగబా అన్నం కలిపాడు.

పప్పయింది, పులుసయింది, పెరుగయింది. ఇక ఆకులు మడవాలి. వైద్యుడు మడిచాడు. వంటవాడు మడిచాడు. సూక్ష్మదర్శి మడిచాడు. రాజు మాత్రం పుట్టి బుద్ధెరిగాక బంగారు పళ్ళెంలోనే తిన్నాడు. ఆకు ఎలా మడవాలో ఆయనకేం తెలుసు? తన వైపున్న అంచు పట్టుకుని, అవతలివైపుకి మడవబోయాడు.

టప్పున గరిటె ఆయన చేతి మీద పడింది.

"అటు మడవకూడదురా! అది అశుభానికి. పెళ్ళింట్లో నీ వైపుకి మడువు. మళ్ళీ రావాలని కోరుకుంటున్నట్టు."

కదళీపురం మహారాజు, చెయ్యి ఊదుకుంటూ, ఆకుని తన వైపుకి మడిచాడు.

పేరిందేవమ్మ వరసంతా ఒకసారి చూసింది. నాలుగు ఆకులూ మడిచి ఉన్నాయి. గరిటె కింద పెట్టింది. నడుం మీద చెయ్యివేసి, "అమ్మయ్య. నా ఆకు వెయ్యవే పిల్లా" అంది.

మాణిక్యం ఆకు వేసింది. మెత్తగా కలిపిన పెరుగన్నం పెట్టింది. మొదటి ముద్ద చిన్నది, రెండోది కాస్త పెద్దది. మూడో ముద్ద ముసలమ్మ తనే కలుపుకుంది.

తిని, ఆకు మడిచి, పేరిందేవమ్మ మాణిక్యం మొహంలోకి చూసింది. "ఎవరమ్మాయివే నువ్వు? వడ్డన ముచ్చటగా చేస్తావు. మా అబ్బాయికి సంబంధాలు చూస్తున్నాను. ఉప్పుబండ్లు తోలతాడు, మనిషి మంచివాడు. మా ఇంటికి కోడలిగా వస్తావా?"

మాణిక్యం ఆవిడ చెయ్యి పట్టుకుని, "వస్తాను అత్తమ్మా" అంది.

"ఊఁ" అని పలికింది పేరిందేవమ్మ.

మూడేళ్ళ తర్వాత ఆ పిలుపుకి జవాబు వచ్చింది.

రాజు కళ్ళు ఒత్తుకుంటూ లేచాడు. ముసలమ్మ దగ్గరికి వెళ్ళి, "కడుపు నిండిందా అమ్మా?" అని అడిగాడు.

"ఏం నిండడం నాయనా! నాకు అన్నం పెట్టి మూడు రోజులైంది" అంది పేరిందేవమ్మ. గడ్డానికి మెతుకు అంటుకునే ఉంది.

ఆ మెతుకుని ఈసారి సూక్ష్మదర్శి చూశాడు. పాత తాటాకు తీసి, మూడు వరసలూ ఒకదాని తర్వాత ఒకటి గీకేశాడు.

రాజు మాణిక్యం వైపు తిరిగాడు. "అమ్మా, తప్పు నాది. అత్తగారిని ఇంటికి తీసుకువెళ్ళు. నీకు ఏం కావాలో కోరుకో. మాన్యం ఇస్తాను. పల్లకీ ఇస్తాను. పదిమంది దాసీలని ఇస్తాను" అన్నాడు. చూశారా, మళ్ళీ కరుగుతున్నాడు.

మాణిక్యం తల అడ్డంగా ఆడించింది. "అవేవీ వద్దు మహారాజా. రోజుకి ఒక్క జాము ఇప్పించండి."

"ఒక్క జామా? అదేం చేసుకుంటావు?"

"తలంటుకుంటాను. జుట్టు ఆరేదాకా ఎండలో కూర్చుంటాను. ఆ జాముసేపు ఎవరైనా మా అత్తమ్మ పక్కన కూర్చోవాలి. సలహాలు ఇవ్వడానికి కాదు. వంకాయలు తరిగావా అంటే తరిగానని చెప్పడానికి. ఆకు ఎప్పుడు మడవాలో నేర్చుకోవడానికి. రేపు నాకు జ్వరం వస్తే, ఆ సంగతి తెలిసినవాళ్ళు ఇంకొకరుండాలి కదండీ!"

ఇంత చిన్న కోరిక రాజుగారి సింహాసనం ముందుకి ఎన్నడూ రాలేదు. తీర్చడానికి ఇంత సిగ్గనిపించిన కోరికా రాలేదు.

ఆ రోజే పాత ఆజ్ఞ మార్చాడు. ముసలివాళ్ళని ఇళ్ళ నుంచి తేవడం కాదు, ముసలివాళ్ళున్న ప్రతి ఇంటికీ రోజూ ఒక జాము ఒక మనిషి వెళ్ళాలి. అయినవాళ్ళది మొదటి వంతు. అయినవాళ్ళు లేకపోతే రాజుగారి మనుషులది.

పేరిందేవమ్మ ఇంట్లో మొదటి వంతు భ్రమరాంబకి వచ్చింది. జాము గడిచేసరికి ఆవిడ నూటపదహారు వంకాయలు తరిగి, ఒక చీపురుదెబ్బ తిని, వదిన దగ్గరికి వెళ్ళి, "వదినా... నువ్వు కాస్త ఓపిగ్గా..." అని మొదలుపెట్టి ఆగిపోయింది. తర్వాత తన ఇంటి నుంచి గారెలు తేవడం మొదలుపెట్టింది. రెండో వంతు సూక్ష్మదర్శిది. ఆయన గంటం ఇంట్లో పెట్టి వచ్చేవాడు. పేరిందేవమ్మ ఆయన చేత సొరకాయ చెక్కు తీయించేది. చెక్కులో గుజ్జు ఎక్కువ పోయిందని తిట్టేది. ఆయన మారుమాట లేకుండా పడేవాడు.

మాణిక్యం పెరట్లో ఎండకి కూర్చుని జుట్టు ఆరబెట్టుకునేది. పిచ్చుక ఒకసారి వచ్చి చూసి, ఇక్కడ స్థలం లేదని వెళ్ళిపోయింది.

కథ అయిపోయింది. ఆగండి, లేవకండి. నాదొక సంగతి మిగిలిపోయింది. చెప్పకుండా తప్పించుకుందామని చూశాను గానీ, సాక్ష్యం మా ఇంట్లోనే ఉంది.

మొన్న ఈ కథ మొదటిసారి చెప్పబోతుంటే మా అమ్మ నా చేతిలో ఒక గ్లాసు పెట్టింది. "రాగిజావ. నాయనమ్మ చేత గుక్కగుక్కగా తాగించు. నేను తలంటుకుని వస్తాను. ఎన్నాళ్ళయిందో" అని పెరట్లోకి వెళ్ళింది. నేను గ్లాసు పట్టుకునే కథ ఎత్తుకున్నాను. సూక్ష్మదర్శి దగ్గర నోరెండింది, ఒక గుక్క తాగాను. భటుడి దగ్గర ఇంకో గుక్క. రాజుగారి చేతి మీద గరిటె పడ్డప్పుడు ఉత్సాహం ఆపుకోలేక మిగతాదీ తాగేశాను.

నాయనమ్మ అంతసేపూ నా నోటినే చూస్తూ కూర్చుంది. కథకి తలాడిస్తోందనుకున్నాను. గ్లాసు ఖాళీ అయ్యాక, కొంగుతో నా మీసం, అదే, మీసం రాబోయే చోటు తుడిచి, "తాగావా నాయనా? ఉంటే ఇప్పుడు నాకూ కాస్త పొయ్యి" అంది.

గుమ్మంలో మా అమ్మ నిలబడి ఉంది. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. ఆరబెట్టుకోకుండానే మళ్ళీ జావ కాయడానికి పొయ్యి దగ్గరికి వెళ్ళబోతుంటే, నేను అడ్డం వెళ్ళి, "నువ్వు ఎండలో కూర్చో అమ్మా, నేను కాస్తాను" అన్నాను. మొదటిసారి ఉండకట్టింది, రెండోసారి మాడింది, మూడోసారి నాయనమ్మ తాగింది. బాగుందని మాత్రం అనలేదు. చెవులు వినపడకపోయినా నాలుక బాగానే పనిచేస్తుంది.

కాబట్టి నీతి ఏమిటంటే: పెద్దవాళ్ళకి అన్నం పెట్టాలంటే ముందు వాళ్ళ బంతిలో కూర్చోవాలి, ఆ అన్నం పెట్టే చేతికి రోజుకి ఒక్క జామైనా మన చెయ్యి సాయం వెయ్యాలి.